తిన్నాక చెబుదాం

నేను బాపట్లలో ఉంటాను. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఒక చిన్న సంస్థలో జీతం లేని పని ఒకటి పెట్టుకున్నాను. విదేశాల నుంచి ఒక ఏడాది చదువుకోవడానికి వచ్చే పిల్లల్ని తెలుగు కుటుంబాల్లో ఉంచడం ఆ సంస్థ పని. పిల్ల వచ్చిన మూడు నెలలకు మాలో ఒకరు వెళ్లి, ఆ ఇంట్లో రెండు మూడు రోజులుండి, ఎంతవరకు అలవాటు పడిందో చూసి రావాలి. అందుకు నేనే తయారుచేసిన పద్నాలుగు ప్రశ్నల కాగితం ఒకటి ఉంది.

పోయిన అక్టోబరు మొదట్లో నంద్యాల వెళ్లింది ఆ పని మీదే. నార్వే నుంచి వచ్చిన పదహారేళ్ల అమ్మాయి మార్తా అక్కడ దేవదానం అనే టీచరుగారింట్లో ఉంటోంది. మంగళవారం బయలుదేరి శనివారం ఇల్లు చేరాను. ఆ వైపు వెళ్లనివాళ్ల కోసం, డైరీ పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. డైరీలో నేను రాయకుండా వదిలేసినవి కూడా ఇందులో ఉన్నాయి.

రైల్లో

గుంటూరు దాటాక వినుకొండ వరకు మన నేలే అనిపిస్తుంది. మార్కాపురం వచ్చేసరికి మట్టి రంగు మారుతుంది, మాట కూడా మారుతుంది. వేరుశెనక్కాయలమ్మే మనిషి "తీసుకోండి" అనడం మానేసి "తీస్కో పెద్దాయనా" అంటాడు. ఉడకబెట్టిన కాయలు పొట్లం పది రూపాయలు.

నా ఎదుటి సీట్లో భార్యాభర్తలు కూర్చున్నారు. ఆయనకు నలభై ఉంటాయి. కిటికీ లోంచి చూస్తున్నాడు. ఆవిడ డబ్బా తెరిచి పులిహోర తినిపించింది. "అమ్మకు సీరియస్‌గా ఉందని ఫోనొచ్చింది, గిద్దలూరు పోతాండాం" అన్నాడు నాతో. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవగానే ఆవిడ ముందుకు వంగి చెప్పింది.

"తెల్లారుజామునే పోయింది సార్. ఆయనకు తెలీదు. చెబితే ముద్ద ముట్టడు. ఊరు చేరినాక యెట్లైనా తెలుస్తాది."

నేను తల ఊపాను. ఆయన తిరిగొచ్చాక "పెద్దవాళ్లకు ఈ మధ్య మంచి మందులొచ్చాయి లెండి" అని కూడా అన్నాను. నా ఉద్యోగం కొత్తలో మా నాన్నగారు పోయినప్పుడు నాకొచ్చిన టెలిగ్రాంలోనూ సీరియస్ అనే ఉంది. మనలో ఎవరికైనా అలాగే వస్తుంది. చదివినవాడికి సగం అర్థమవుతుంది, మిగతా సగం దారిలో అర్థమవుతుంది, ఇల్లు చేరేసరికి ఏడవడానికి సిద్ధంగా ఉంటాడు. దీన్ని నేను అబద్ధం అనుకోలేదు. మర్యాద అనుకున్నాను.

గిద్దలూరులో వాళ్లు దిగారు. ప్లాట్‌ఫారం మీద నలుగురు మగవాళ్లు ఆయన కోసం నిలబడి ఉన్నారు. తరువాత నల్లమల కొండలు, సొరంగాలు. పెట్టెలో దీపాలు వెలగలేదు.

నంద్యాల

దేవదానం స్టేషనుకు వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, సోషల్ టీచరు, చర్చిలో ఆదివారం బడి కూడా చూస్తాడు. సంచి నా చేతిలోంచి తీసుకుని ఇంటి వైపు కాకుండా బయట టీ కొట్టు వైపు నడిచాడు.

"సార్, పాప తండ్రి పోయినాడు" అన్నాడు. "నిన్న పనికాడ కూలబడినాడంట. గుండె. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. నువ్వు పక్కన కూచ్చోని చెప్పు, తర్వాత నాతో మాట్లాడించు అనింది."

"చెప్పారా?"

"యెట్ల చెప్పేది సార్? బడి నుంచి ఆకలితో వచ్చింది. తిన్నాక చెబుదామనుకున్నా. తిని, ప్రసన్నతో కలిసి నవ్వుకుంటా లెక్కలు చేసుకుంటా కూచ్చునింది. నా నోట్లోంచి రాలే."

ప్రసన్న ఆయన కూతురు, మార్తా ఈడుదే. ఇద్దరూ ఒకే తరగతి.

"మరి ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేయదా?"

"ఫోన్ నా బీరువాలో ఉంది గదా సార్. మీ రూలే."

నా రూలే. ప్రశ్నల కాగితం వెనక రాసిన నియమాల్లో ఏడో అంశం. మొదటి ఆరు నెలలు పిల్లల ఫోను ఇంటి పెద్ద దగ్గర ఉండాలి, ఆదివారం ఒక్కరోజే ఇంటికి మాట్లాడాలి. అంతకు ముందొచ్చిన పిల్లలు మూడు నెలలు గడిచినా గదిలో కూర్చుని తమ దేశంతోనే మాట్లాడుతుంటే చూడలేక పెట్టాను. అది బాగా పనిచేసింది కూడా.

దేవదానం అత్తగారు ఆళ్లగడ్డలో ఉంటుందనీ, చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషనీ, ఇలాంటి మాట అలాంటి పెద్దావిడ ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాలనీ అన్నాడు. "రేపు అందరం ఆడికి పోదాం. మీరూ రాండి సార్. ఒక్క దినంలో ఏమైతాది? ఆడ మట్టి కూడా అయిపోయింటాది ఈపాటికి."

మట్టి అంటే పూడ్చడం. పోయిన మరునాటికి మన దగ్గర అంతా అయిపోతుంది కదా. నాకూ అదే లెక్క. చల్లారిన టీ తాగి సరేనన్నాను.

ఇంటి గేటు దగ్గర మార్తా ఎదురొచ్చింది. తెల్లటి మొహం ఎండకు కమిలి గోధుమరంగుకు తిరిగింది, జడ ప్రసన్న వేసినట్టుంది.

"బాగున్నావా తాతా? రైలు లేటా?" అంది. బాపట్ల తెలుగు కాదు, అచ్చంగా నంద్యాల తెలుగు.

ఆ ఇంట్లో మూడు నెలల్లో ఆమె నేర్చినవి నా కాగితంలో ఇలా ఉన్నాయి. బకెట్ నీళ్లతో స్నానం, మొదటి వారం రెండు బకెట్లు, ఇప్పుడు ఒకటి చాలు. పొద్దున ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. మన వైపువాళ్ల కోసం: ఉగ్గాని అంటే తడిపిన బొరుగులకు, అంటే మన మరమరాలకు, వేసే తాలింపు, పైన పుట్నాల పొడి. రాత్రికి జొన్నరొట్టె, వేరుశెనగ చట్నీ. రొట్టె తట్టడం రాలేదు, తట్టినవన్నీ మధ్యలో చిరిగాయి. బడికి సైకిల్. చర్చిలో పాటలు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని పాడుతుంది. నీళ్లు రాని రోజు వీధిలో బిందెల వరసలో ఆమె కూడా నిలబడుతుంది. "ఏందక్కా, నా బిందె ముందర పెట్టినాను గదా" అని పోట్లాడిందని దేవదానం భార్య సుగుణ మురిసిపోతూ చెప్పింది. చెబుతూనే వంటగదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

పదకొండో ప్రశ్న: ఇంటివాళ్లను ఏమని పిలుస్తోంది? సుగుణను అమ్మ అంటోంది. దేవదానాన్ని ప్రసన్నలాగే నాయన అంటోంది. "మా నాన్న ఊళ్లో ఉన్నాడు, ఈయన నాయన. ఇద్దరికీ వేరే వేరే పేర్లు, తంటా లేదు" అని వివరించింది. ఇంకుతో రాసుకున్నాను. నా అనుభవంలో ఏ పిల్లా మూడు నెలల్లో అంతదూరం రాలేదు.

ఆ రోజు డైరీలో టీ కొట్టు ఉంది. అక్కడ విన్న మాట లేదు.

ఆళ్లగడ్డ

బుధవారం పొద్దున బస్సులో బయలుదేరాం. ఆళ్లగడ్డ అవ్వకు బెంగగా ఉందని చెప్పి పిల్లలిద్దరి చేతా బడికి సెలవు పెట్టించారు. నల్లరేగడి, వరి, మధ్యమధ్య మినుము. గంటకు పైగా పట్టింది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క పొడవునా శిల్పుల కొట్లు. దేవుళ్లు, నందులు, నాయకులు, సమాధి మీద పెట్టే శిలువలు అన్నీ ఒకే దుమ్ములో నిలబడి ఉంటాయి. తలకు తువ్వాల చుట్టుకున్న ఒక శిల్పి దగ్గర మార్తా ఆగింది. చిన్న రాతి రోలు ఒకటి చేతిలోకి తీసుకుంది. రెండు కిలోలుంటుంది.

"ఎంతప్పా ఇది?"

శిల్పి ఉలి ఆపి చూశాడు. "నూరేదానికా, చూసేదానికా?"

"నూరేదానికే. మా నాన్నకు. ఆయనే మా ఇంట్లో వంట."

"మొగోడా వంట చేసేది? మంచి దేశమే మీది. మా ఇంటిదాన్ని కూడా పంపీ అప్పుడు. ఆరు వందలు."

"మూడు."

"పాపా, ఇది రాయి, వంకాయ కాదు."

నాలుగు వందలకు తెగింది. తన సొంత చేతిఖర్చు డబ్బులోంచి ఇచ్చింది. ఆదివారం ఫోనులో చూపిస్తానని, క్రిస్మస్‌కు పంపిస్తానని అంది. రోలుకు గోనెగుడ్డ చుడుతుంటే దేవదానం రోడ్డు అవతలికి వెళ్లి నిలబడ్డాడు. సుగుణ ప్రసన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. రోలు బరువుగా ఉందని నేనే మోశాను.

సుగుణ తల్లి డెబ్బై దాటిన మనిషి. అందరూ అవ్వ అనే పిలుస్తారు. మార్తాను ఎగాదిగా చూసి, "యేందే తెల్లపిల్లా, నంద్యాలలో కూడు పెట్టడంల్యా? పుల్లలాగుండావ్" అంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు, అలసంద వడలు, మన బొబ్బట్లను ఇక్కడ ఓళిగలంటారు, అవి. సంగటి ముద్దను నమలకూడదు, పులుసులో అద్ది మింగాలి. మార్తా ఆ పని ప్రసన్నకంటే బాగా చేసింది. అవ్వ ఎదురుగా కూర్చుని, ముద్ద అయిపోగానే ఇంకో ముద్ద వేసింది. తింటున్న మనిషిని అంతమంది అలా చూడటం నేనెక్కడా చూడలేదు.

తిన్నాక చెప్పాలి. తిన్నాక అవ్వ మార్తా తలకు నూనె రాసింది. తరువాత చెంబు తోముకుంటూ కూర్చుంది. దీపం పెట్టే వేళకు సుగుణ పెరట్లో అవ్వను అడిగింది, ఎప్పుడు చెబుతావని.

"చెప్తాలేమే. సందకాడ యెవురన్నా చెప్తారా ఇట్లాంటి మాట? ఒక్క దినం కడుపునిండా తిననీ. రేపు అహోబిలం చూసొస్తారంటిరే, వచ్చినాక చెప్తా."

అప్పుడే దేవదానం ఫోను మోగింది. మార్తా తల్లి. ఆయన పెరటి గోడ దాకా వెళ్లి ఇంగ్లీషులో మాట్లాడాడు. నాకు ఆయన మాటలే వినిపించాయి. వద్దమ్మా, మా కోసం ఆపొద్దండి. పాప బాగుంది, తింటోంది. మీరు కానివ్వండి.

ఫోను పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. "ఆమే అడుగుతాంది సార్, పాప వస్తాదా, ఆపమంటారా అని. ఏం పూజకో, ప్రార్థనకో ఉంటాది. మనం బరువు పెట్టకూడదు గదా."

నేను బాగా చెప్పారన్నాను. దూరాన ఉన్నవాళ్లు అలాగే చెప్పాలి. మా కోసం పీనుగును ఆపొద్దు అనడం మన దగ్గర పెద్దమనిషి లక్షణం. ఆ సాయంత్రమే ఆయన గురువారం బడికోసం నంద్యాల వెళ్లిపోయాడు.

అహోబిలం

గురువారం పిల్లలిద్దరితో నేను వెళ్లాను. ఎగువ అహోబిలం అడవిలోకి వెళ్లేకొద్దీ ఫోను గీతలు ఒక్కొక్కటే తగ్గి ఆఖరికి ఏమీ మిగల్లేదు. నాది బటన్ల ఫోను, దాన్నుంచి విదేశానికి కాల్ పోదు. ప్రసన్న దగ్గర అసలే లేదు.

గుడిలోకి నేనొక్కడినే వెళ్లాను. ప్రసన్న లోపలికి రాదు, చెప్పుల దగ్గర కూర్చుంటానంది. మార్తా ఆమెకు తోడుంది. నేను బయటికి వచ్చేసరికి కోతి ఒకటి నా కుడికాలి చెప్పు ఎత్తుకుపోయి కొట్టు రేకు మీద కూర్చుని ఉంది. మార్తా శెనగలు చూపించి దాన్ని కిందికి దింపింది. చాలాసేపు నవ్వింది. ప్రసన్న నవ్వబోయి ఏడ్చింది. ఏందే అని అడిగితే కడుపునొప్పి అంది.

కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాం. బజ్జీలు తెప్పించాను. అవ్వకు పని సులువవుతుందేమోనని, ఏదో లోకాభిరామంలా అడిగాను.

"మీ ఊళ్లో మనిషి పోతే ఏం చేస్తారు మార్తా?"

"మా అవ్వ పోయినప్పుడా? పదకొండు దినాలు పెట్టుకున్యాం తాతా. మా పెదనాన్న కొడుకు ఓడలో పనిచేస్తాడు, ఆడెక్కడో సముద్రంలో ఉన్యాడు. వాడొచ్చే దాకా ఆగినాం. ఒక దినం మేమంతా ఆ రూములోకి పోయి చూసినాం. నేను చెయ్యి పట్టుకున్యా. తర్వాత పెట్టె మూసేసినారు. మూసినాక ఇంగ తెరవరు."

"చిన్నపిల్లలు కూడా చూస్తారా?"

"అందరూ. చూడకుంటే యెట్ల నమ్మేది తాతా?"

కడసారి చూపు మన ఒక్కరిదే అనుకుంటాం. పోయినవాడి మొహం చూడలేకపోయానని ముప్పై ఏళ్ల తర్వాత కూడా చెప్పుకుని ఏడ్చే మనుషులం. నిన్న ఆ తల్లి ఆపమంటారా అని అడిగింది దేన్నో నాకప్పుడు అర్థమైంది. వద్దన్నది మేము.

"మార్తా, మీ నాన్న సోమవారం చనిపోయారు. గుండె ఆగిపోయింది. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది."

చేతిలో బజ్జీని కాగితం మీద పెట్టింది. వేళ్లు తుడుచుకుంది.

"ఈ దినం గురువారం" అంది.

"అవును."

"నీకు యెప్పుడు తెలుసు?"

"మంగళవారం సాయంత్రం."

"నాయనకు?"

"సోమవారం."

"అవ్వకు కూడానా?"

"తెలుసు."

ప్రసన్న వైపు చూసింది. ప్రసన్న తల వంచేసింది.

"రోలు కొన్నప్పుడు?"

"తెలుసు."

ఆమె ఏడవలేదు. అమ్మతో మాట్లాడాలి, నంబరు నాకు వచ్చు అంది. జీపు దగ్గరికి నడిచాం. పన్నెండు నలభైకి ఎక్కి కూర్చున్నాం. జీపు నిండితే గానీ కదలదు. "ఇంగ నలుగురొస్తే తీస్తా పెద్దాయనా, బేగా పోదాం" అన్నాడు డ్రైవరు. ఒకటీ ముప్పై అయిదుకు కదిలింది. ఆ నాలుగు సీట్లూ నేనే తీసుకుంటానని చెప్పవచ్చని నాకు తోచలేదు. డ్రైవరుకు విషయం చెప్పాలనీ తోచలేదు. పరాయివాళ్లకు చెప్పే మాట కాదనుకున్నానేమో. మార్తా ముందు సీటు కమ్మీ పట్టుకుని రోడ్డు వైపే చూసింది.

మళ్లీ ఆళ్లగడ్డ

రెండూ ముప్పై అయిదుకు అవ్వ ఇల్లు చేరాం. సుగుణ ఫోను నుంచి మార్తా తల్లికి చేసింది. వాళ్ల భాషలో మాట్లాడింది. తరువాత మాట్లాడటం ఆపి వింటూ నిలబడింది. కొంతసేపటికి ఫోను నాకిచ్చింది.

ఆవిడ గొంతు నెమ్మదిగా ఉంది. కూతురికి సోమవారమే తెలిసిందనుకున్నాననీ, మూడు రోజులు ఫోను చేయకపోతే తన మీద కోపమో, భయమో అనుకున్నాననీ చెప్పింది. ఎన్నాళ్లైనా ఆపుతానని నిన్న అడిగితే వద్దన్నారు కదా అంది. అందుకని ఈ రోజు వాళ్ల టైము పదిన్నరకు అందరూ చూసి పెట్టె మూసి దహనానికి పంపేశారు. వాళ్ల పదిన్నర అంటే మనకు రెండు గంటలు.

మా దగ్గర మనుషులు ఇలా ఎందుకు చేస్తారో నేను చెప్పడానికి ప్రయత్నించాను. ఆవిడ అంతా విని, "చూడనిది నా కూతురొక్కతే" అంది. ఫోను పెట్టేసింది.

అవ్వ లోపలినుంచి పళ్లెంలో అన్నం, పప్పు పట్టుకొచ్చింది. "రెండు ముద్దలు తిను తల్లీ. పొద్దుననంగా తిన్యావ్."

మార్తా పళ్లెం వైపు చూసి, అవ్వ మొహంలోకి చూసి అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"తిన్నాక ఇంగేమన్నా చెప్తావా అవ్వా?"

అవ్వ పళ్లెం నేల మీద పెట్టి అక్కడే కూలబడింది. ఆ ఇంట్లో ఏడుపు అప్పుడు మొదలైంది. మార్తా ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

హైదరాబాదు

శుక్రవారం తెల్లవారుజామున నంద్యాల నుంచి కారులో బయలుదేరాం. దేవదానం, నేను, మార్తా. సాయంత్రం విమానానికి టిక్కెట్టు దొరికింది. సుగుణ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ప్రసన్న తన జడ రిబ్బన్లు ఇచ్చింది. ఫోను బీరువాలోంచి తీసి ఇచ్చినప్పుడు దేవదానం రెండు చేతులతో ఇచ్చాడు. కర్నూలు దాటే దాకా మార్తా అందులోని సందేశాలు చదువుతూనే ఉంది. సోమవారం నుంచి నూట ఇరవై దాకా ఉన్నాయట. స్నేహితులవి, మేనత్తవి, బడి టీచర్లవి. ఆమె దేశంలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

దారిలో ఆగిన చోట ఆమె కాఫీ మాత్రం తాగింది. తినమని మేమిద్దరం అనలేదు.

విమానాశ్రయంలో పెట్టె బరువు ఎక్కువైంది. గుమ్మం బయటే నేల మీద పెట్టె తెరిచి, పుస్తకాలు, చెప్పులు, సుగుణ కుట్టించిన పరికిణీ తీసి పక్కన పెట్టింది. రోలు తీయలేదు. దేవదానం ఆ తీసినవన్నీ ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నాకు దణ్ణం పెట్టింది. ఆయన వైపు తిరిగింది.

"పోయొస్తా సార్" అంది.

అద్దాల తలుపు లోపలికి వెళ్లి కనిపించకుండా పోయేవరకు ఆయన అక్కడే నిలబడ్డాడు. తిరుగుదారిలో షాద్‌నగర్ దాటాం. ఆ తర్వాత అడిగాడు.

"ఆ కాగితం మీ కాడ ఉందా సార్? నన్ను ఏమని పిలుస్తాందో రాసుకున్నారు గదా."

సంచిలోంచి తీశాను. పదకొండో ప్రశ్న. నాయన.

"దిద్దండి సార్" అన్నాడు.

కారు ఆపించి, పెన్ను తీసి దిద్దాను. కాగితం తిప్పి ఏడో అంశం, ఆ ఫోను రూలు కూడా కొట్టేశాను.